నీళ్లు పోసే రోజు

నీళ్లు ఇంకా కాగలేదు. పచ్చికట్టెలు ఇచ్చారు మహానుభావులు, పొగే తప్ప మంట లేదు. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి, పొయ్యి మీద రాగి అండా, అండాలో వేపాకూ పసుపూ, పొయ్యి ముందు పీట మీద నర్సు నిర్మల. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి గానీ అది పొగవల్ల. ఏడ్చేంత మెత్తదనం ఈ పూట ఆమెలో లేదు, ఒళ్లంతా కోపమే. పై అంతస్తులో మూసిన తలుపు వెనక సరస్వతమ్మ ఉంది. ఈ నీళ్లు ఆమె తలమీద పడాలి. పడితే ఆమె సోమవారం ఆస్పత్రికి వస్తుందేమో, రెండోసారి మందు వేయించుకుంటుందేమో. పడకపోతే రాదు. రాకపోతే కాలేయానికి ఎడమవైపు మిగిలిన గడ్డ తన పని తాను చేసుకుపోతుంది, దానికి మైలా మడీ తెలియవు. కిందికి దిగుతానని సరస్వతమ్మ అనలేదు. దిగనని కూడా అనలేదు. గీజరున్న ఇల్లే ఇది, ధర్మవరంలో పట్టుచీరల కొట్టు కృష్ణకాంత్ గారిల్లు, బాత్‌రూములో పాలరాయి అద్దంలా మెరుస్తుంది. కానీ ఈ నీళ్లకు గీజరు పనికిరాదు, పొయ్యి కావాలి, రాగి పాత్ర కావాలి. అటక మీద బూజు పట్టిన అండాను దించింది నిర్మల. చింతపండు పెట్టి తోమింది నిర్మల. అండా తోమడానికి ఆమె చేతుల మీద ఈ ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. ఊదు, ఊదు, అని తనకు తానే చెప్పుకుని ఊదుగొట్టం నోటికి పెట్టుకుంది.

ఊదితే నిప్పు రాజుకుంది, నిప్పుతో పాటు పొద్దుటి ఫోనూ రాజుకుంది. హిందూపురంలో అద్దింట్లో, మొదటి షిఫ్టుకు పోయే మొగుడు హరికి క్యారియరు కడుతుండగా మోగింది. కృష్ణకాంత్. “సిస్టర్, సోమవారం క్యాన్సిల్ చేయండి. మా ఆమె రానంటాంది.” చీరల ఆర్డరు ఒకటి వద్దన్నంత తేలిగ్గా అన్నాడు. ఫోను ఆమెకివ్వండి అంటే ఇవ్వలేదు, మెట్ల కింద నిలబడి ఫోను పైకెత్తి పట్టుకున్నట్టున్నాడు, కట్టుకున్న పెళ్లానికి ఫోను అందించడానికి నాలుగు మెట్లు ఎక్కలేని మగాడు. ఎక్కడో గదిలోంచి వచ్చింది గొంతు. “ఎవురూ ముట్టుకోని మనిషి బతికి ఏం జేయాల్లే పిల్లా. ఇంగ సాలు.” అంతే. ఆ మాటకు జాలి పుట్టాలి కదా, పుట్టలేదు. సర్రున కోపం వచ్చింది. ఆమె మీద, ఆయన మీద, మూత సరిగ్గా పడని క్యారియరు మీద. తన మీద మాత్రం రాలేదు, ఎందుకు రావాలి? తను చెప్పింది. నెత్తీ నోరూ బాదుకుని చెప్పింది. సెలవు రోజైనా సరే, ఈరోజు పోయి వాళ్లందర్నీ నిలబెట్టి కడిగేద్దామనే చెప్పులేసుకుంది.

చెప్పనివాళ్లెవరు అసలు? అదీ మంట. బెంగళూరులో ఆ పెద్దాస్పత్రిలో ఈ వైద్యానికి ఒక జట్టే ఉంది. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం కాలేయం దాకా పంపి, ఇసుకరేణువు కన్నా చిన్నవైన గాజుపూసలు వదులుతారు. ఆ పూసల్లో రేడియోధార్మిక మందు. గడ్డలో కూచుని గడ్డనే కాలుస్తుంది, రోజురోజుకూ తనూ చల్లారిపోతుంది. పని డాక్టరుది, గంటలో అయిపోతుంది. ఆ తర్వాత మనిషిని చూసుకోవడం జట్టుది. రేడియేషన్ విభాగం నర్సు మంజు మీటరు పట్టి కొలిచి చెప్పింది: వారం పాటు వేరే పడక, కడుపుతో ఉన్నవాళ్లకూ చిన్నపిల్లలకూ మూడడుగుల దూరం, వారం దాటితే ఏమీ లేదు. వార్డు నర్సు చెప్పింది: తొడ దగ్గర గాయం మానేదాకా నీళ్లు తగలనివ్వద్దు. తిండి సంగతి చూసే ఆమె చెప్పింది: గుడ్లు తినండి. గుడ్డు గుమ్మం దాటని ఇంటికి గుడ్లు! ఫిజియో అబ్బాయి నడవమన్నాడు, కౌన్సిలరమ్మ పాజిటివ్‌గా ఉండమంది. వీళ్లందరి మాటలనూ మూటగట్టి, సీమ మాటలోకి తిప్పి, రైలుదారి వెంట ఇళ్లకు మోసుకుపోయేది నిర్మల. బుధవారం మీటింగులో సరస్వతమ్మ స్కాను తెరమీద వేశారు, కుడివైపు గడ్డ బాగా ముడుచుకుపోయింది, అందరూ తలలూపారు, బిస్కెట్లు తిన్నారు. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు. తప్పు చేసినవాడు ఒక్కడు దొరికితే ఎడాపెడా తిట్టి చల్లారొచ్చు, అట్లా ఒక్కడూ దొరకలేదు. కట్టె చివర తడి చెమ్మ బుస్సుమంటోంది, దాన్ని తీసి పక్కన పడేసి ఇంకోటి తోసింది.

వారమన్నది రెండో నెలలో పడింది. “మూడడుగులన్నారు గదా సిస్టర్, మేము ఆరు పెట్టినాం, ఎందుకొచ్చిన రిస్కు” అన్నాడు కృష్ణకాంత్ పోయినసారి, గొప్పగా. వ్యాపారస్తుడు కదా, దూరానికి కూడా కొసరు వేశాడు. కోడలు భవ్య నెలలు నిండుతున్న మనిషి, మనవరాలు కీర్తనకు మూడేళ్లు. వాళ్లకోసమని పైగది. పైగదికి కాగితం పళ్లెం. ఆ పళ్లెం కూడా గుమ్మం బయట పెట్టి చప్పట్లు కొడతారు, ఆమె వచ్చి తీసుకోవాలి. తిండి కాగితం పళ్లెంలో చల్లారిపోతుంటే ఆమె తినడం తగ్గించింది, బరువు తగ్గింది, బరువు తగ్గిందని తిండి సంగతి చూసే ఆమె మళ్లీ ఫోను చేసి గుడ్లు తినమంది. ఆ గది గుమ్మానికి వేలాడుతున్న వేపమండను చూసి నిర్మలకు కడుపు రగిలిపోయింది. ఒంటిమీద పొక్కులొచ్చి అమ్మవారు పోసిందంటే కట్టే మండ అది. గాజుపూసలకూ వేపమండకూ ఏమిటి సంబంధం? మెట్ల కింద అందర్నీ కూచోబెట్టి పాఠం చెప్పింది, అయిపోయింది, ఆమెలో ఇప్పుడు ఏ మందూ బయటికి రాదు, పసిపిల్లను ఒళ్లో పడుకోబెట్టుకోవచ్చు అని. “అట్లనే సిస్టర్” అన్నారు. కాదంటే పోట్లాడవచ్చు, అట్లనే అన్నవాళ్లతో ఎట్లా పోట్లాడేది? మెట్లు దిగి వీధి మలుపు తిరిగిందో లేదో మళ్లీ ఆరడుగులే. హిందూపురంలో ఉన్న సరస్వతమ్మ సొంత చెల్లెలు మోకాళ్ల నొప్పులని చూడ్డానికే రాలేదు. తాగని ఆడమనిషికి లివరు జబ్బేందని మాత్రం ఫోనులో ఆరా తీసింది. ఆ మోకాళ్లతోనే పోయిన నెల పెళ్లికి పోయి పంక్తి భోజనం చేసి వచ్చిందట, భవ్య చెప్పింది.

పొద్దున హిందూపురంలో రైలెక్కినప్పుడు కూడా ఎదుటి సీటులో ఒకామె, ముదిగుబ్బకు పోతోందట, ఒడినిండా కనకాంబరాలు పెట్టుకుని మాల కడుతూ కదిలించింది. యాడికి పోతాండావు, యావూరు, ఏం పని, అన్నీ అయ్యాక, అసలుది. “మీరేమోళ్లమ్మా?” నిర్మల కిటికీలోంచి చూపు తిప్పకుండానే, “నర్సులోళ్లం” అంది. “అంటే?” “సూదులేసే కులం.” ఆమె కాసేపు ఆలోచించి, ఇట్లాంటిది కూడా ఉంటుందేమోనని ఊరుకుంది. మెడలో సన్నగొలుసుకు వేలాడే సిలువను చూశాక ఒడిలో పూలు కాస్త అటు జరిపింది. నవ్వు రావాల్సిన చోట నవ్వు రాలేదు. పెనుకొండ దగ్గర పడుతోంది, కొండమీద కోటగోడలు కనిపిస్తున్నాయి, ఆ కొండ కిందే అమ్మ సుంకమ్మ ఏళ్లతరబడి ఒక సావుకారు మిల్లులో వేరుశనక్కాయలు ఒలిచింది. ఎండాకాలం మధ్యాహ్నం ఒలిచేవాళ్లందరికీ నీళ్లు. అమ్మ వంగి దోసిలి పట్టేది, సావుకారమ్మ చెంబు ఎత్తి పట్టి పోసేది. చెంబు అంచు దోసిలికి తగలకూడదు. అంత ఎత్తునుంచి పడిన నీళ్లు సగం మణికట్టు మీదుగా మోచేతికి జారి నేలపాలయ్యేవి. మిగిలిన సగం తాగి, చల్లగుండాయి తల్లీ అనేది అమ్మ. అమ్మ పక్కన నిలబడి నిర్మల కూడా దోసిలి పట్టడం నేర్చుకుంది. ఇంత పెద్దయ్యాక, ఇంత చదివాక, రైలు పెనుకొండలో ఆగినప్పుడల్లా దాహం వేస్తుంది ఆమెకు. ఎప్పుడూ ఆ స్టేషనులో తాగదు.

పెనుకొండలోనే, రైలు ఆగి ఉన్నప్పుడు, ప్లాట్‌ఫారం కుళాయి కింద ఎవరో తల్లి వెక్కివెక్కి ఏడుస్తున్న బిడ్డకు నెత్తిమీద నీళ్లు పోస్తోంది. నిర్మలకు పొక్కులొచ్చిన ఏడు గుర్తొచ్చింది. రెండో తరగతి. ఆదివారం చర్చికి పోయే ఇల్లే, అయినా పాస్టరుగారి కంటపడకుండా గుమ్మానికి లోపలివైపు వేపమండ కట్టింది అమ్మ. మూలన చాప, వేరే గిన్నె. సర్కారు ఆస్పత్రి డాక్టరు కుర్చీలోంచి లేవకుండానే చూసి, తగ్గింది, బడికి పంపు అన్నాడు. పంపలేదు. నిర్మల చాప దాటబోతే తమ్ముడే కేకలు పెట్టాడు, ఇంగా నీళ్లు పోయలేదు గదక్కా, అని. డాక్టరు చెప్పినాడు కదరా అంటే ఎవరూ వినలేదు. చివరికి అమ్మ ఒక పొద్దున నీళ్లు కాచి, పెరట్లో బండమీద కూచోబెట్టి, తలమీద పోసి, అయిపాయ, లేయ్ అంది. అంతే, ఆ క్షణం నుంచి అదే తమ్ముడు ఆమె గిన్నెలోనే తిన్నాడు. ముట్టు అయినా, పురుడు అయినా, అమ్మవారు పోసినా, దూరం పెట్టడం నోటితో మొదలవుతుంది గానీ నీళ్లతోనే ముగుస్తుంది. ఆస్పత్రిలో అందరూ కలిసి దూరం మొదలుపెట్టారు, నీళ్లు తగలనివ్వద్దని కూడా చెప్పి పంపారు, దానికి ముగింపు మాత్రం కాగితం మీద వదిలేశారు. రైలు కదిలింది. నిర్మల నుదురు కిటికీ ఊచకు ఆనించి, ఎవర్నో తెలియకుండానే, గాడిదల్లారా అంది. పూలామె ఉలిక్కిపడి చూసింది.

ఎందుకు గుర్తుకు రాలేదు ముందే? సరస్వతమ్మే చెప్పింది ఆస్పత్రిలో. గొట్టం తీశాక కాలు కదపకుండా వెల్లకిలా పడుకోవాలి గంటల తరబడి. పక్కన కూచున్న నిర్మల చెయ్యి పట్టుకుని వదల్లేదు. కాలు మీద ధ్యాస మళ్లించడానికి ఒకటే కబుర్లు. “మా ఈదిలో ఏ పిల్లోడికి అమ్మోరు పోసినా నీళ్లు పోసేది నేనే పిల్లా. మగ్గాలోళ్ల పిల్లోళ్లయినా సరే, నన్నే పిలుస్తారు. నా చెయ్యి మంచిదంట.” ఊరందరి దూరాలనూ తెంచిన చెయ్యి అది. ఇప్పుడు ఆమెకు పోసేవాళ్లెవరు? అత్త లేదు, చెల్లెలికి మోకాళ్లు, కోడలు నిండుమనిషి. ఎవరో ఒకరు నీళ్లు కాచి పిలుస్తారని ఆ గదిలో కూచుని కనిపెట్టుకుని ఉందేమో ఇన్ని రోజులూ, అడగడానికి నోరు రాక. ఎవరూ పిలవకపోతే ఇంక సాలు అనుకుందేమో. ఆ చెయ్యి ఆస్పత్రిలో ఎంత గట్టిగా పట్టుకుంది! అదే మనిషి ఇంట్లో నిర్మలకు కాఫీ మాత్రం కాగితం కప్పులో వస్తుంది. అందరికీ అంతేనేమో అనుకుంది మొదట్లో. ఒకరోజు ఇన్సూరెన్సు ఏజెంటు శివప్రసాద్ ఆమె పక్కనే కూచుని స్టీలు లోటాలో తాగి, పొగలూదుకుంటూ ఎండల గురించి మాట్లాడి పోయాడు. లోటా లోపలికి పోయింది. నిర్మల కప్పు చెత్తబుట్టలోకి పోయింది. ఆమె కప్పూ సరస్వతమ్మ పళ్లెమూ ఒకే కవర్లో తెచ్చిన సరుకు.

రైలు దిగి ఈ ఇంటికొచ్చి, కడిగేద్దామనుకున్న మాటలన్నీ మింగి, “నీళ్లు కాయండి, ఈరోజు పోసేద్దాం” అంది. కృష్ణకాంత్ ముఖంలో మొదటిసారి అర్థమైన వెలుగు కనిపించింది, రెండు నెలల పాఠాలకు రాని వెలుగు. వెంటనే ఆరిపోయింది కూడా. “పోసేదెవురు?” “నేను.” ఆయన కొట్టులో చీర రంగు దిగుతుందా అని అడిగిన గిరాకీని చూసినట్టు చూశాడు. “మీరంటే... దీనికి మావాళ్లలోనే ఎవురన్నా ముత్తైదువ...” “పిలవండి. ఎవరొస్తే వాళ్లే పోస్తారు. నేను కట్టెలు చూసుకుంటా.” ఫోన్లు చేశాడు. ఒకరికి మోకాళ్లు, ఒకరు తిరుపతిలో, ఇంకొకరు ఆ రేడియేషను మాకంటుకుంటే ఎట్లప్పా అన్నారట. పెరటి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. ఆ నిలబడటంలో ఒప్పుకోలు ఉంది, క్షమాపణ లేదు. నిర్మల అడగలేదు కూడా. అండాలో ఇప్పుడు సన్నగా బుడగలు లేస్తున్నాయి, వేపాకు తిరుగుతోంది, చేదువాసన పెరడంతా కమ్ముకుని పైకి, మేడ కిటికీ దాకా పోతోంది.

కిటికీ రెక్క దఢాలున తెరుచుకుంది. “ఎవుర్తే అది, నీళ్లల్లో యాపాకు ముందే ఏసింది?” నిర్మల తలెత్తింది. ఊచల వెనక ముఖం, మెడ ఎముకలు తేలి, కళ్లు మాత్రం నిప్పులు. “మసిలినాక దించి ఏయాల. ముందే ఏస్తే చేదంతా దిగి కండ్లు మండి సస్తారు. అదిగూడా తెల్దా, ఏం నర్సువే నువ్వు?” “మాకట్లనే తెలుసు. మీకు తెలిస్తే దిగొచ్చి సెప్పండి” అని అరిచింది నిర్మల, ఇన్నాళ్లూ ఆస్పత్రి భాషలో మూటగట్టి దాచిన ఊరిగొంతుతో. “రోగమొచ్చినోళ్లను నోరెత్తి తిడతాండాదే ఇది!” కిటికీ మూసుకుంది. అయిపోయింది, చెడగొట్టాను, అనుకుంది నిర్మల. దానికీ కోపమే వచ్చింది. అప్పుడు మెట్లమీద చప్పుడు. ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు. కృష్ణకాంత్ గోడకు అంటుకుపోయాడు. సరస్వతమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఆయాసపడుతూ, దారి పొడుగునా వేపాకు గురించి తిడుతూ దిగొచ్చింది. అండాలో తొంగిచూసి, సగం ఆకు తీసి పారేయించి, చన్నీళ్లు తొరిపించి, స్నానం చేసే బచ్చలి బండమీద గోడవైపు తిరిగి కూచుంది.

నిర్మల చెంబు ముంచింది. చెయ్యి దానంతటదే పైకి లేవబోయింది, ఎత్తునుంచి పోయడమే కదా చిన్నప్పటి నుంచి చూసిన పోయడం. పోయలేదు. వంగి, చెంబు అంచు సరస్వతమ్మ మాడుకు ఆనించి, వంచింది. నీళ్లు నెరిసిన జుట్టులోంచి వీపు మీదికి దిగాయి. రెండో చెయ్యి తలమీద పెట్టి రుద్దింది. “గట్టిగా రుద్దు పిల్లా. నోట్లో ఉన్న బలం చేతిలో లేదే” అంది కింద మనిషి. రుద్దింది. పెనుకొండ నీళ్లూ, కాగితం పళ్లేలూ, బుధవారం బిస్కెట్లూ, మోకాళ్ల నొప్పులూ, అన్నీ వేళ్లలోకి వచ్చాయి, అంత కోపంతో రుద్దుతుంటే ఆ వీపు తేలికపడి ముందుకూ వెనక్కూ ఊగింది. ఎన్ని రోజులకు తగిలిందో ఆ ఒంటికి ఇంకో మనిషి చెయ్యి. సరస్వతమ్మ భుజాలు కదులుతున్నాయి, ముఖం మీద కారేవి ఏ నీళ్లో తెలియలేదు. చివరి చెంబు పోశాక కూడా ఆమె లేవలేదు. “చెప్పాల” అంది మెల్లగా. “పోసినోళ్లే చెప్పాల.” నిర్మల చెంబు కింద పెట్టింది. ఆ మాట ఈ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పలేదు, ఎన్ని రకాలుగా చెప్పలేదు. “అయిపాయ” అంది. “లేమ్మా.” అప్పుడు లేచింది. ఎవరు వదిలారో, కీర్తన అవ్వా అని అరుస్తూ వచ్చి తడిచీరను వాటేసుకుంది, భవ్య కూడా ఒక చేత్తో పొట్ట పట్టుకుని తువ్వాలు తెచ్చి అత్త చేతికే ఇచ్చింది, గుమ్మంలో పెట్టి చప్పట్లు కొట్టలేదు. ఆరడుగులు ఎక్కడికి పోయాయో ఎవరూ వెతకలేదు. తల తుడుచుకుంటూ సరస్వతమ్మ అడిగింది. “సోమవారం రైలు ఎప్పుడు పిల్లా?” “పొద్దున్నే. ఈసారి కూడా వారం దూరం ఉంటాది. నీళ్లు పోసే రోజు ముందే చెప్పి పంపిస్తా.” “నువ్వే రావాల మల్ల.” “వస్తా.”

వరండాలో కుర్చీలు వేశారు. కృష్ణకాంత్ కళ్లు తుడుచుకుని, మీరు దేవత సిస్టర్ అన్నాడు. నిర్మల తడిసిన చీర కొంగు పిండుకుంటూ కూచుంది. భవ్య కాఫీ తెచ్చింది. ట్రే మీద రెండు. సరస్వతమ్మకు స్టీలు లోటా, తళతళలాడుతూ, ఇన్ని రోజుల తర్వాత. నిర్మలకు కాగితం కప్పు. ఎవరూ కావాలని చేసింది కాదు, ఎవరికీ ఏమీ తట్టలేదు, అలవాటుగా చేతులు తెచ్చాయి, అలవాటుగా చేతులు అందించాయి. సరస్వతమ్మ కళ్లు మూసుకుని మొదటి గుటక తాగుతోంది. నిర్మల వేళ్లకు ఇంకా ఆమె జుట్టు తడి ఉంది. కప్పు తీసుకుంది, చూసింది, పక్కనున్న గట్టుమీద పెట్టింది. ఆస్పత్రిలో మందుల వేళ చెప్పే గొంతుతో, మెల్లగా, ప్రతి మాటా విడివిడిగా అంది. “భవ్యా, నాకు లోటాలో తెచ్చీమ్మా.” భవ్య మామను చూసింది. మామ గోడను చూశాడు. సరస్వతమ్మ కళ్లు తెరిచి, కాగితం కప్పును చూసి, తన చేతిలోని లోటాను చూసింది, ఆమె చెయ్యి నోటిదాకా పోయి ఆగింది. నిర్మల కుర్చీలో వెనక్కి ఆనుకుంది. ఈరోజు సెలవే, హిందూపురం రైలు సాయంత్రం దాకా లేదు. లోటా వచ్చేదాకా కూచుంటుంది.